పెళ్లి జవళి: తిరుపతి, చిత్తూరు వైపు పెళ్లికూతురి చీర కొనడం నుంచి జాకెట్టు చేతికొచ్చేదాకా

మన వైపు లగ్నపత్రిక రాసుకోగానే ఇంట్లో మొదట వినిపించే మాట "జవళికి ఎప్పుడు పోదాం?" అని. పదిమంది కలిసి వ్యాను మాట్లాడుకుని కంచికి పోతారు, లేదంటే పొద్దున తిరుపతి గాంధీ రోడ్డులో దిగి రాత్రికి మూటలతో ఇంటికి చేరతారు. చీర ఒక్క రోజులో దొరికిపోతుంది. పెళ్లికి వారం ముందు ఇంటిల్లిపాదినీ టెన్షన్ పెట్టేది జాకెట్టు. అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ జాకెట్టు గడువు చుట్టూనే తిరుగుతాయి.

1. ఎన్ని చీరలు, ఎవరు కొనాలి

కొట్టు మెట్లెక్కకముందే ఒక కాగితం తీసుకుని, ఏ వేడుకకు ఏ బట్టో రాసుకోండి. నిశ్చితార్థం, నలుగు, రిసెప్షన్, ముహూర్తం, అప్పగింతలు, అత్తవారింట్లో సత్యనారాయణ వ్రతం. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో చాలా పెళ్లిళ్లకు రిసెప్షన్ ముందు రోజు సాయంత్రమే అయిపోతుంది, తెల్లవారుజామున ముహూర్తం ఉంటుంది. కోస్తా వాళ్లతో వియ్యమందితే వాళ్లకిది వింతగా ఉంటుంది కాబట్టి ముందే చెప్పుకోండి. ఈ పద్ధతి వల్ల పెళ్లికూతురికి రెండు ముఖ్యమైన అలంకరణల మధ్య నాలుగైదు గంటల వ్యవధి కూడా ఉండదు. రాత్రి పదకొండింటికి రిసెప్షన్ బట్టలు విప్పి, మూడింటికల్లా తలస్నానం చేసి ముహూర్తం చీరకు కూర్చోవాలి. రెండూ కట్టడానికి గంటేసి పట్టే బరువు చీరలైతే ఆ పిల్లకు నిద్ర ఉండదు.

ఇక ఎవరు కొనాలన్న సంగతి. కొందరి ఇళ్లలో ముహూర్తం చీర అబ్బాయి వాళ్లు పెడతారు, కొందరిలో తలంబ్రాల చీర మాత్రం వాళ్లది, మధుపర్కాలు అమ్మాయి తల్లిదండ్రులవి. ఇది కులాన్ని బట్టి, ఊరిని బట్టి, ఒక్కోసారి ఇంటిని బట్టి మారుతుంది. పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ చేసి, "వదినా, ముహూర్తం చీర మీరు తీస్తారా, మమ్మల్ని తీయమంటారా?" అని నేరుగా అడగడం మేలు. మొహమాటపడి వదిలేస్తే రెండు వైపులా ఎర్ర పట్టుచీరే కొని, చివరికి ఏది కట్టాలన్న దగ్గర మాటలు పెరుగుతాయి. అబ్బాయి వాళ్లు కొనే పక్షంలో చీర ఎంపికకు అమ్మాయిని తీసుకుపొమ్మని చెప్పండి. వీలుకాకపోతే జాకెట్టు గుడ్డనైనా రెండు నెలల ముందు ఇప్పించుకోండి. ముహూర్తం ముందు రోజు పళ్లెంలో పెట్టి ఇస్తామంటే దానికి మగ్గం వర్క్ (గుడ్డను చట్రానికి బిగించి చేసే పూసల, జరీ కుట్టుపని) ఎప్పుడు చేయిస్తారు?

మధుపర్కాలను చాలామంది చివర్లో గుర్తు చేసుకుంటారు. తెల్లటి నూలు బట్ట, పసుపో ఎరుపో అంచు. వరుడికి పంచె, కండువా, వధువుకు చీర. వధువుకు ఆరు గజాలది కావాలా, మడికట్టుకు తొమ్మిది గజాలది కావాలా అన్నది పురోహితుణ్ణి అడిగి కొనండి.

2. పెళ్లి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

జాకెట్టు పూర్తయి, సరిచూసుకుని బీరువాలో పెట్టాల్సిన రోజు పెళ్లికి పది రోజుల ముందు. కుట్టాక మొదటి ట్రయల్ దానికి మరో పది రోజుల ముందు. గుడ్డ మగ్గం వర్క్‌కు వెళ్లాల్సింది పెళ్లికి యాభై, అరవై రోజుల ముందు. చీర అంతకుముందే ఇంట్లో ఉండాలి. అంటే కొట్లో కొనే చీరకు రెండున్నర నెలలు, నేయించుకునే చీరకు కనీసం నాలుగు నెలలు చేతిలో పెట్టుకోవాలి. నెల రోజుల్లో ముహూర్తం పెట్టుకున్నవాళ్లు భారీ వర్క్ మీద ఆశ వదులుకుని, మంచి అంచున్న చీరకు సాదా జాకెట్టు కుట్టించుకోవడం తెలివైన పని. నిజానికి చాలామందికి అదే బాగుంటుంది.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వంటి ముహూర్తాల నెలల్లో దర్జీలు, మగ్గం వాళ్లు దొరకరు. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ ఖాళీగా ఉంటారు, కొట్లలో తగ్గింపులూ ఉంటాయి. "ఆషాఢంలో పెళ్లి బట్టలా?" అని పెద్దవాళ్లు అంటే దానికి దారి ఉంది. మంచి రోజు చూసుకుని ముందే పసుపు చీర ఒకటి తీసి దేవుడి దగ్గర పెట్టేస్తే, మిగతావి ఎప్పుడు కొన్నా చాలా ఇళ్లలో అభ్యంతరం చెప్పరు. అయితే ఆషాఢం తగ్గింపుల్లో పెట్టుపోతల చీరలు కొనండి. ముహూర్తం చీర మాత్రం తగ్గింపు చూసి ఎంచుకునేది కాదు.

3. ఎక్కడికి పోవాలి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు పాత బట్టల బజారు. పెద్ద పెద్ద షోరూములు వచ్చాక రకాలు పెరిగాయి, పార్కింగ్ సౌకర్యం కూడా పెరిగింది. కానీ పాత కొట్లలో తెల్ల పరుపుల మీద కూర్చోబెట్టి మూడు తరాల పెళ్లిళ్లు గుర్తుపెట్టుకుని మాట్లాడే ముసలాయన దొరికితే, ఆయన చూపించే ఇరవై చీరలు షోరూములో చూసే రెండు వందలకంటే పనికొస్తాయి. శని, ఆదివారాల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో యాత్రికుల రద్దీ ఉంటుంది, వెళ్లకండి. మామూలు రోజు పొద్దున్నే కొట్టు తెరిచే వేళకు పోతే సేల్స్ వాళ్లు ఓపికగా చూపిస్తారు. చిత్తూరు వాళ్లు పెట్టుపోతల బట్టలు ఊళ్లోనే తీసుకుని, పెళ్లి చీరలకు మాత్రం వేరే ఊరు పోవడం మామూలే.

కంచిపురం మనకు దూరమేమీ కాదు. తిరుపతి నుంచి పుత్తూరు, తిరుత్తణి మీదుగానో, చిత్తూరు నుంచి రాణిపేట మీదుగానో పోతే రెండున్నర, మూడు గంటల్లో దిగుతారు. అక్కడా పట్టు కొట్లుండేది గాంధీ రోడ్డులోనే. బస్టాండులో ఆటో ఎక్కి "సిల్క్ షాపు" అంటే కమిషన్ ఇచ్చే చోటికే తీసుకుపోతాడు, కాబట్టి ముందే ఒక చేనేత సహకార సంఘం పేరు తెలుసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. సంఘాల దగ్గర పట్టు బరువు, జరీ వివరం అడిగితే చెబుతారు. డిజైన్లు కొంచెం పాతవిగా అనిపించినా ధర ఎంతుండాలో ఒక అంచనా వస్తుంది. ఆ అంచనాతో మిగతా కొట్లు తిరగండి. భాష సమస్య కాదు, తెలుగు మాట్లాడేవాళ్లు చాలా కొట్లలో ఉంటారు. ఇక్కడ ఒక మాట: నాలుగైదు చీరలు కొనేవాళ్లకు కంచి ప్రయాణం గిట్టుతుంది. ఒక్క చీర కోసం పదిమంది వ్యానులో పోతే, మిగిలిందంతా వ్యాను బాడుగ, భోజనాలకు సరిపోతుంది.

దగ్గర్లోనే ఇంకా చోట్లున్నాయి. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాలకు పేరుపడ్డది. రిసెప్షన్‌కు, వియ్యపురాళ్లకు, ఆడపడుచులకు పెట్టడానికి అక్కడి చీరలు బాగుంటాయి. చిత్తూరు నుంచి వేలూరు మీదుగా ఆరణి పోతే తేలిక బరువు పట్టుచీరలు దొరుకుతాయి. వైశాఖం ఎండల్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు అమ్మమ్మలకు, నానమ్మలకు వెంకటగిరి నూలు చీరలు తీసుకుంటే వాళ్లు మనస్ఫూర్తిగా దీవిస్తారు. ఆప్కో (రాష్ట్ర చేనేత సహకార సంస్థ) షోరూములో మన రాష్ట్రపు చేనేత రకాలన్నీ ఒకచోట చూడొచ్చు, బేరం బాధ ఉండదు. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం ముందూ వెనకా ప్రదర్శనలు పెడుతుంటారు. శ్రావణ మాసపు పెళ్లిళ్ల వాళ్లకు అది కలిసొచ్చే సమయం.

శ్రీకాళహస్తి కలంకారీ సంగతి వేరుగా చెప్పాలి. కరక్కాయ, పాలతో తయారు చేసిన గుడ్డ మీద కలంతో గీసి, సహజ రంగులు అద్దే పని అది. పట్టు మీదా వేస్తారు. రిసెప్షన్‌కు సీతారామ కల్యాణమో, పద్మావతీ శ్రీనివాసుల పరిణయమో కొంగు మీద వేయించుకున్న చీర ఎవరికీ రెండోది ఉండదు. దానికి వారాల తరబడి సమయం ఇవ్వాలి, వానలు పడితే మరీ. బజారులో "కలంకారీ" అని అమ్మేవాటిలో ఎక్కువ స్క్రీన్ ప్రింటువే. ఒకే పువ్వు చీరలో నాలుగు చోట్ల అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే చేత్తో గీసింది కాదు.

4. కొట్లో కూర్చున్నాక

నలుగురికి మించి పోకండి. పెళ్లికూతురు, తల్లి, చీరలు తెలిసిన ఒక అత్తో పిన్నో, డబ్బు కట్టే మనిషి. పదిమంది పోతే పది అభిప్రాయాలొస్తాయి, అమ్మాయి మాట వినపడదు. మీ బడ్జెట్ ముందే చెప్పేయండి, కానీ పైహద్దు కంటే కొంచెం తగ్గించి చెప్పండి. ఎంత చెప్పినా వాళ్లు దానికి పైనుంచే చూపించడం మొదలుపెడతారు.

చీర నచ్చాక అసలు పని మొదలవుతుంది. "ప్యూర్" అన్న ఒక్క మాటలో కొట్టువాడు మూడు విషయాలు కలిపేస్తాడు. పట్టు అసలుదా? జరీ ఏ రకం? చేత్తో నేసిందా, మరమగ్గం మీదా? ఈ మూడూ విడివిడిగా అడగండి.

పట్టు అసలుదని చెప్పేది సిల్క్ మార్క్ లేబుల్. కేంద్ర పట్టు బోర్డు తరఫున 2004లో మొదలైన గుర్తు ఇది. హోలోగ్రాం, దాని మీద నంబరు ఉంటాయి. కానీ ఆ లేబుల్ పట్టు గురించి తప్ప జరీ గురించి గానీ, మగ్గం గురించి గానీ ఏమీ చెప్పదు. చేనేత అని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. ఫలానా ప్రాంతపు నేత అని చెప్పేది భౌగోళిక గుర్తింపు. కంచిపురం, ఆరణి, ధర్మవరం, వెంకటగిరి చీరలకూ, శ్రీకాళహస్తి కలంకారీకీ అది ఉంది. సిల్క్ మార్క్ చూపించి "చూడండమ్మా, అసలు కంచి చేనేత" అంటే, ఆయన ఒక ప్రశ్నకు జవాబు చెప్పి మూడింటికి మార్కులు అడుగుతున్నాడని అర్థం.

లేబుల్ లేకపోతే దారం కాల్చి చూడమంటారు. పట్టు దారం వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, చీర చివర వేలాడే దారాలే కాల్చి చూడడం. అవి పడుగు దారాలు, అంటే చీర పొడవునా సాగేవి. పడుగు పట్టు పెట్టి, పేకలో వేరే దారం కలిపి నేసే చీరలుంటాయి. అందుకే అడ్డంగా వచ్చే పేక దారం కూడా ఒకటి లాగించి కాల్పించండి. కొట్టువాళ్లు ఒప్పుకోకపోతే ఆ చీర పక్కన పెట్టడమే.

జరీలో అసలుదంటే పట్టు దారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. గీకి విప్పితే లోపల సాధారణంగా ఎర్ర పట్టు దారం కనిపిస్తుంది. వెండికి బదులు రాగి తీగ మీద పూత వేసిన రకాలు దానికి తక్కువ. ప్లాస్టిక్ మెరుపు జరీ అన్నిటికంటే తక్కువ. తక్కువ జరీ కొనడంలో తప్పేమీ లేదు. ఒక్క రాత్రి రిసెప్షన్ చీరకు వెండి జరీ అక్కర్లేదని నా లెక్క. తక్కువ జరీకి వెండి జరీ ధర కట్టకుండా చూసుకోవాలి, అంతే. వెండి, బంగారం ధరలు పెరిగితే అసలు జరీ చీర ధరా పెరుగుతుంది. కాబట్టి పట్టు, వెండి జరీ, చేనేత ఈ మూడూ కలిసిన పెళ్లి చీర పది పన్నెండు వేలకే వస్తోందంటే నమ్మకండి.

చేనేతా కాదా అన్నది చీర తిరగేస్తే కొంత తెలుస్తుంది. నేసేటప్పుడు గుడ్డ బిగువుగా ఉండడానికి అంచుల దగ్గర పట్టి ఉంచిన చోట సన్నటి సూది బెజ్జాలుంటాయి. కోర్వై చీరలో ఒంటి రంగు, అంచు రంగు వేరువేరు పేకలతో నేసి కలుపుతారు. ఆ కలిసే చోట రంగు తేటగా తెగుతుంది, దగ్గరగా చూస్తే చిన్న పళ్లలా కనిపిస్తుంది. మామూలుగా నేసిన చీరలో ఒంటి రంగు అంచులోకీ పోయి మసకగా కనిపిస్తుంది.

తర్వాత చీరను వాకిట్లోకి తీసుకుపోయి ఎండ వెలుగులో చూడండి. కొట్లో దీపాల కింద ఆకుపచ్చ ఒకలా, బయట ఒకలా ఉంటుంది. భుజాన వేసుకుని అద్దంలో చూసుకోవడంతో ఆపకండి. అమ్మాయిని చీర చుట్టుకుని కింద కూర్చోమనండి. పీటల మీద రెండు మూడు గంటలు కూర్చోవాలి. అంచు మరీ బిరుసుగా ఉంటే మోకాళ్ల దగ్గర పెట్టెలా నిలబడుతుంది. హోమం దగ్గర కూర్చునే చీరలో పాలియెస్టర్ ఉండకూడదు. నిప్పురవ్వ పడితే పట్టుకు చిన్న చిల్లు పడుతుంది, పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

పొడవు కొలిపించండి. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు గుడ్డ ఎనభై సెంటీమీటర్లు, మొత్తం 6.3 మీటర్ల దాకా రావాలి. మోచేతి దాకా చేతులు కావాలనుకునేవాళ్లకు, కొంచెం ఒళ్లున్నవాళ్లకు ఎనభై సెంటీమీటర్లు చాలవు. అప్పుడు అదే రంగు రా సిల్క్ గుడ్డ ఒక మీటరు విడిగా కొనండి. ఆఖరున మడతలన్నీ విప్పించి పోగులు తెగాయా, మరకలున్నాయా అని రెండు చివర్ల నుంచీ చూడాలి. ఎన్నో చేతులు మారిన చీరకు మడత మీద జరీ చీలి ఉంటుంది.

బిల్లు తీసుకోండి. అందులో "పట్టు చీర" అని మాత్రమే కాకుండా ఏ జరీ, చేనేతా కాదా అన్నది రాయించండి. రాయడానికి వెనకాడితే నోటితో చెప్పినదానికి విలువ లేదు. చీర మీద జీఎస్టీ 5 శాతం. కుట్టిన లెహంగా, గౌను లాంటివి 2,500 రూపాయలు దాటితే 18 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి ఇది అమల్లో ఉంది. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, చేతిలో బిల్లుంటేనే.

5. నేయించుకోవాలనుకుంటే

మగ్గం మీద ఒక పడుగు కడితే దాంట్లోంచి సాధారణంగా మూడు నాలుగు చీరలు వస్తాయి. కాబట్టి "నాకొక్కదానికే ఈ రంగు ఒంటి చీర" అంటే మిగతా చీరలు ఎవరికి అమ్మాలన్న బెంగ నేతన్నకు ఉంటుంది, ఆ ఖర్చు మీ మీద పడుతుంది. దీనికి రెండు దారులు. ఆ పడుగులో వచ్చే మిగతా చీరలు కూడా మీ ఇంటివాళ్లే తీసుకోవడం ఒకటి: అక్కకు, పిన్నికి, అత్తకు. పేక రంగు, కొంగు మార్చి నేస్తే ఒకేలా కనిపించవు. ఇప్పటికే ఎక్కి ఉన్న పడుగు మీద మీకు కావలసిన పేక రంగు, బుటా చెప్పి నేయించుకోవడం రెండోది. కొత్త బొమ్మ కావాలంటే జకార్డు డిజైన్ (మగ్గం మీద బొమ్మ తేల్చే అమరిక) కూడా కొత్తగా చేయించాలి, అది విడి ఖర్చు.

ఫోన్‌లో ఫోటో చూపించి రంగు చెప్పకండి. దారం చిలప చేతిలోకి తీసుకుని, ఎండలో చూసి, చిన్న ముక్క కత్తిరించి మీ దగ్గర ఒకటి, వాళ్ల దగ్గర ఒకటి ఉంచుకోండి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు పొడవు, జరీ రకం, అంచు వెడల్పు, ఇచ్చే తేదీ, జాకెట్టు గుడ్డ కలిపి నేస్తారా అన్నవి కాగితం మీద ఉండాలి. ఇచ్చే తేదీకి పదిహేను రోజులు అదనంగా మనసులో వేసుకోండి. వానాకాలంలో మగ్గం గుంటల్లో తేమ చేరి పని నడవని రోజులుంటాయి, పండగలుంటాయి. మధ్యలో ఒకసారి పోయి మగ్గం మీద ఉన్నప్పుడే చూసుకుంటే మార్పు చెప్పే వీలుంటుంది.

6. జాకెట్టు

చీరతో కలిపి నేసిన జాకెట్టు గుడ్డ కత్తిరించి విడదీయడం మొదటి పని, తర్వాతే ఫాల్ (కింది అంచుకు లోపల కుట్టే గుడ్డ), పికో (చివర్లకు వేసే కుట్టు), కుచ్చులు. ఫాల్ గుడ్డ ముందే తడిపి ఆరేసింది కాకపోతే తర్వాత ముడుచుకుని చీర అంచు గుంజుకుపోతుంది. కొంగు కుచ్చులు వేసేవాళ్లకు విడిగా నాలుగు రోజులు ఇవ్వండి.

వరస ఇలా ఉండాలి. దర్జీ కొలతలు తీసుకుంటాడు, గుడ్డ మీద మెడ, చేతులు, వీపు గీతలు గీస్తాడు, కత్తిరించడు. గీసిన గుడ్డ మగ్గం చట్రానికి ఎక్కుతుంది. వర్క్ అయ్యాక మళ్లీ దర్జీ దగ్గరికి వస్తుంది. అందుకే దర్జీని ముందు ఎంచుకోవాలి, మగ్గం వాళ్లను తర్వాత. ఇద్దరూ ఒకే చోట ఉంటే ఒకరి మీద ఒకరు చెప్పుకునే గొడవ ఉండదు. ఖరీదైన వర్క్ చేయిస్తున్నట్టయితే ముందు మామూలు నూలు గుడ్డతో అవే కొలతల్లో ఒక జాకెట్టు కుట్టించి వేసుకుని చూడండి. రెండు మూడు వందల ఖర్చుకు వెనకాడి పదిహేను వేల వర్క్‌ను పాడుచేసుకోవడం ఎందుకు?

పాత జాకెట్టు ఇచ్చి "ఇలాగే" అనడం చాలదు, ఒంటి కొలతలూ ఇవ్వాలి. పెళ్లి రోజు లోపల వేసుకునేదే వేసుకుని కొలతలివ్వండి. పెళ్లికి ముందు కొందరు అమ్మాయిలు సన్నబడతారు, కొందరు చుట్టాల ఇళ్ల విందులకు లావవుతారు. రెండు పక్కలా కనీసం అంగుళంన్నర గుడ్డ లోపల వదలమనండి, వర్క్‌ను పక్క కుట్టుకు ముందే ఆపమనండి. పూసలు కుట్టు దాకా వస్తే తర్వాత వదులు చేయడానికి దారి ఉండదు.

వర్క్ ఎక్కడ వేయించాలన్న దగ్గర నా మాట కొంచెం గట్టిగా చెబుతాను. ముందు మెడ మీద డబ్బు పోయకండి. హారాలు, నెక్లెసు, పూలదండ వేశాక అక్కడ ఒక్క పూస కనపడదు. చేతుల మీద, వీపు మీద పెట్టండి. పీటల మీద కూర్చున్నంతసేపూ వెనకనుంచే జనం చూస్తారు, ఫోటోల్లో చేతులే వస్తాయి. వంకీ పెట్టుకుంటారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. పెట్టుకుంటే అది కూర్చునే చోట వర్క్ వద్దు, రెండూ ఒరుసుకుని పూసలు రాలతాయి. వీపు మరీ లోతుగా పెట్టించుకుంటే జడ బరువుకు భుజాలు జారతాయి. తలంబ్రాల బియ్యం లోపలికి పోయి సాయంత్రం దాకా గుచ్చుకోవడం అదనం.

మగ్గం వాళ్ల దగ్గర రాయించుకోవలసినవి: డిజైన్ ఫోటో, దారం రంగు, జర్దోసీ రకం, కుందన్ రాళ్లు కుట్టేవా అంటించేవా, కుట్టుకూలి కలిపా విడిగానా, తేదీ. జిగురుతో అంటించిన రాళ్లు చెమటకు ఊడతాయి, కుట్టమనే చెప్పండి. పూర్తిగా మొదలుపెట్టకముందు చేతి మీద రెండంగుళాల నమూనా వేసి చూపించమనండి. ఫోన్‌లో బాగున్న రంగు మీ చీర పక్కన పెడితే వెలిసినట్టు ఉండొచ్చు. వర్క్‌కు పలచటి కంచి జాకెట్టు గుడ్డ కంటే రా సిల్క్ బాగా నిలుస్తుంది. లైనింగ్ నూలుదే ఉండాలి, తడిపి ఆరేసిందై ఉండాలి.

ట్రయల్ వేసుకున్నప్పుడు అద్దం ముందు నిలబడితే సరిపోదు. దండ వేసినట్టు రెండు చేతులూ తలపైకి ఎత్తండి. తలంబ్రాలు పోసినట్టు వంగండి. కింద కూర్చుని లేవండి. చంక దగ్గర పట్టేస్తే అప్పుడే చెప్పండి. హుక్కులు వెనక పెట్టించుకుంటే పెళ్లి తెల్లవారుజామున పెట్టడానికి ఇంకొక మనిషి కావాలన్నది గుర్తుంచుకోండి.

7. కొండ మీద పెళ్లి, చర్చి పెళ్లి, అద్దె బట్టలు

తిరుమలలో పెళ్లయితే ఒక్క చీరతో పోండి. గదులు ఇరుకు, బట్టలు మార్చుకునే చోటు తక్కువ, మార్గశిరంలో చలి. మడతలు ముందే పెట్టి పిన్నులు కొట్టి ఉంచిన చీర కట్టుకోవడం సులువు. కొండపైన ఆడవాళ్లు పూలు పెట్టుకోని ఆచారం ఉంది, అందుకని పూలజడకు అడ్వాన్సు ఇచ్చే ముందు పెళ్లి చేయించే పురోహితుణ్ణి అడగండి. తిరుచానూరులోనో, కింద కల్యాణ మండపంలోనో అయితే ఈ ఇబ్బందులు లేవు.

చర్చి పెళ్లికి తెల్ల పట్టుచీరో, గౌనో తీసేవాళ్లు తెలుపులో తేడాలు చూసుకోవాలి. మల్లెపువ్వు తెలుపు, మీగడ తెలుపు పక్కపక్కన పెడితే ఒకటి మాసినట్టు కనిపిస్తుంది. చీర, జాకెట్టు, ముసుగు వల మూడూ ఒకేసారి పట్టుకుపోయి కలపండి.

రిసెప్షన్ లెహంగా కొనడం కంటే అద్దెకు తీసుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఒకసారి వేసుకున్నాక అది బీరువాలో సగం అర ఆక్రమించి కూర్చుంటుంది. అద్దెకైతే వారం ముందు వేసుకుని చూడండి, చిరుగులు, మరకలు ఫోటో తీసుకోండి, తిరిగి ఇచ్చే సమయం రాయించుకోండి.

పెళ్లికొడుకుకు ముహూర్తానికి పట్టు పంచె, కండువా. అంచు పెళ్లికూతురి చీర రంగుకు కలవాలని పట్టుబడితే చీర ఫోటో సరిపోదు, జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్క పంపండి.

8. పెళ్లి వారం, ఆ తర్వాత

చీర, జాకెట్టు, లంగా, పిన్నులు, నగలతో సహా ఒకసారి పూర్తిగా కట్టి చూడండి. లంగా నాడా గట్టిదో కాదో కూడా అప్పుడే తెలుస్తుంది. బరువు చీరను మోసేది అదే. ఒక్కో వేడుక బట్టలు ఒక్కో సంచిలో వేసి, బయట పేరు రాసి, ఎవరో ఒక పిన్నికి అప్పజెప్పండి. ఇస్త్రీ చేసేటప్పుడు వర్క్ జాకెట్టు లోపలి వైపు తిప్పాలి. సెంటు చీర కట్టక ముందే కొట్టుకోవాలి, జరీ మీద పడితే నల్లబడుతుంది.

పెళ్లయ్యాక చీర తడి ఆరేదాకా నీడలో ఆరేయండి. పసుపు, కుంకుమ మరకలను ఇంట్లో సబ్బుతో రుద్దకుండా పది రోజుల్లోపే డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి, ఏ మరక దేనిదో చెప్పండి. తిరిగొచ్చాక ప్లాస్టిక్ కవరు తీసేసి పాత తెల్ల పంచె ముక్కలో చుట్టండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వకండి. మూడు నాలుగు నెలలకోసారి తీసి, గాలికి ఉంచి, మడత మార్చి పెట్టండి.